గర్భాశయ కణితులకు అల్ట్రాసౌండ్ చికిత్స: ఎవరికి, ఎప్పుడు, ఎందుకు?

కిందటి నెలలో ఒక సాయంత్రం మా వీధిలో ఉండే అమ్మాయి ఒక ఫైలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. వయసు ముప్పై ఆరు. మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగం. సంస్థ వారు ఏటా చేయించే ఆరోగ్య పరీక్షలలో గర్భాశయ కండరంలో నాలుగు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ ఉన్నట్టు తేలింది. అప్పటివరకు ఆమెకు నెలసరిలో ఏ ఇబ్బందీ లేదు. కడుపునొప్పి లేదు. రక్తహీనత లేదు. రిపోర్టు చేతికి వచ్చిన నాటి నుంచి మాత్రం నిద్ర లేదు.

ఫైలులో స్కాన్ కాగితాలతో పాటు ఒక రంగుల కరపత్రం ఉంది. కోత లేదు, కుట్టు లేదు, నొప్పి లేదు, ఉదయం వచ్చి సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు అని అందులో రాసి ఉంది. “ఇది నిజమేనా డాక్టరు గారూ? ఈ వారంలోనే చేయించుకుంటే మంచిదంటున్నారు” అని అడిగింది. అంతలోనే మరో మాట కూడా చెప్పింది. వాళ్ల ఆఫీసులో అంతస్తు శుభ్రం చేసే ఆవిడ ఈమె దిగులు చూసి, “నాకు ఇరవై తొమ్మిదేళ్లకే సంచి తీసేసిండ్రమ్మా, పీడ పోయింది. నువ్వూ తీయించుకో” అని సలహా ఇచ్చిందట.

ఒకే భవనంలో పనిచేసే ఇద్దరు స్త్రీలు. ఒకరికి అవసరం లేని కొత్త చికిత్స అమ్మజూపుతున్నారు. మరొకరికి అవసరం ఉందో లేదో తెలియకుండానే పాత చికిత్స జరిగిపోయింది. నాలుగు దశాబ్దాలు శస్త్రచికిత్సలు చేసిన వాడిగా ఈ రెండింటి గురించీ మీతో కొంచెం వివరంగా మాట్లాడాలనిపించింది.

ముందుగా కణితి సంగతి. ఫైబ్రాయిడ్ అంటే గర్భాశయపు కండరంలోంచే పుట్టే గట్టి గడ్డ. అది కేన్సర్ కాదు. చాలామందిలో అది ఉన్నట్టు కూడా తెలియదు. అమెరికాలో 2003లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ప్రకారం, యాభై ఏళ్లు వచ్చేసరికి తెల్లజాతి స్త్రీలలో సుమారు 70 శాతం మందికి, నల్లజాతి స్త్రీలలో 80 శాతానికి పైగా ఫైబ్రాయిడ్లు ఉంటాయి. వారిలో వైద్యం అవసరమయ్యే బాధలు ఉండేది కొందరికే. ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజన్ తగ్గడంతో ఇవి సాధారణంగా వాటంతట అవే కుంచించుకుపోతాయి. కనుక స్కాన్‌లో కణితి కనబడడం ఒక సమాచారం మాత్రమే. చికిత్స అవసరాన్ని తేల్చేవి లక్షణాలు: అధిక రక్తస్రావం, దానివల్ల వచ్చే రక్తహీనత, పొత్తికడుపులో బరువు, మాటిమాటికీ మూత్రం రావడం, గర్భం నిలవకపోవడం వంటివి. ఆ అమ్మాయికి వీటిలో ఒక్కటీ లేదు.

కరపత్రంలో చెప్పిన చికిత్స నిజమైనదే. అందులోని శాస్త్రం ముచ్చటైనది. చిన్నప్పుడు మనమందరం భూతద్దంతో ఎండను ఒక చుక్కగా కూర్చి కాగితం కాల్చిన వాళ్లమే. అద్దం వేడెక్కదు, మధ్యలో గాలి వేడెక్కదు, కిరణాలన్నీ కలిసే చోటే కాగితం కాలుతుంది. కేంద్రీకృత అల్ట్రాసౌండ్‌లో ఎండకు బదులు శబ్దతరంగాలను వాడతారు. గర్భిణికి స్కాన్ చేసేందుకు వాడే తరంగాల వంటివే ఇవి, శక్తి మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ. చర్మాన్ని, కొవ్వును, కండరాన్ని దాటుకుని వెళ్లి కణితిలో బియ్యపు గింజంత చోట కలుస్తాయి. అక్కడ కొన్ని సెకన్లలో ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఉడికిన గుడ్డులో తెల్లసొన గట్టిపడినట్టే ఆ చోట కణాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి, కణాలు చనిపోతాయి. ఇలా ఒక్కొక్క చుక్కగా కణితిని మాడ్చుకుంటూ వస్తారు. అందుకే ఇది ఐదు నిమిషాల పని కాదు. రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు గంటలు కదలకుండా బోర్లా పడుకోవాలి. నొప్పి తెలియకుండా, కొద్దిగా మత్తుగా ఉండేందుకు మందులు ఇస్తారు. పూర్తి మత్తు ఇవ్వరు, ఎందుకంటే కాలిలోకి నొప్పి పాకితే రోగి వెంటనే చెప్పగలగాలి. గర్భాశయం వెనుక త్రికాస్థి దగ్గర నుంచి కాళ్లలోకి దిగే నరాలు ఉన్నాయి కదా. కరపత్రంలో “నొప్పి లేదు” అన్న మాట దగ్గర నేను పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టాను.

తరంగాలు ఎక్కడ పడుతున్నాయో చూసుకోవడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది ఎం.ఆర్.ఐ. యంత్రంలోనే చికిత్స చేయడం. వేడి పెరిగినకొద్దీ కణజాలంలోని నీటి అణువులు ఎం.ఆర్.ఐ.కి ఇచ్చే ప్రతిస్పందన మారుతుంది. ఆ మార్పును కొలిచి, శరీరం లోపల ఏ చుక్క ఎంత వేడెక్కిందో తెరమీద చూడవచ్చు. రెండోది మామూలు అల్ట్రాసౌండ్ బొమ్మ చూస్తూ చేయడం. ఇది చైనాలో, ముఖ్యంగా చోంగ్‌చింగ్ నగరంలో అభివృద్ధి చెందింది. దీనికి ఖర్చు తక్కువ, కాని లోపలి వేడిని నేరుగా కొలిచే వీలు లేదు. మీకు చెప్పే కేంద్రంలో ఏ పద్ధతి ఉందో అడిగి తెలుసుకోండి. చాలామంది ఈ ప్రశ్నే వేయరు.

ఇదేమీ నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. గత శతాబ్దం నలభైలలోనే దీనిపై ప్రయోగాలు మొదలయ్యాయి. యాభైలలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఫ్రై సోదరులు మెదడు వ్యాధులకు దీన్ని వాడి చూశారు. ఫైబ్రాయిడ్లకు ఎం.ఆర్.ఐ. సాయంతో చేసే యంత్రాన్ని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2004 అక్టోబరులో అనుమతించింది. అంటే ఇరవై ఏళ్లు దాటింది. ఇరవై ఏళ్ల అనుభవం ఏం చెబుతోందో చూడకుండా, కరపత్రం మాటను బట్టి నిర్ణయించుకోవలసిన పని లేదు.

ఆ అనుభవం చెప్పేది ఇది. కణితి మాయమైపోదు. మాడిన భాగాన్ని శరీరం నెలల తరబడి నెమ్మదిగా పీల్చుకుంటుంది, దానితో కణితి చిన్నదవుతుంది. ఎంత చిన్నదవుతుందనేది ఎంత భాగాన్ని మాడ్చగలిగారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. రక్తస్రావం, ఒత్తిడి చాలామందికి చెప్పుకోదగినంత తగ్గుతాయి. కొద్ది రోజులలోనే పనికి వెళ్లవచ్చు. ఇవి చిన్న లాభాలు కావు. కాని కణితి మళ్లీ పెరగవచ్చు. మేయో క్లినిక్ వైద్యులు పాల్గొన్న ఒక అమెరికా అధ్యయనం 2019లో వెలువడింది. ఎం.ఆర్.ఐ. ద్వారా ఈ చికిత్స పొందినవారిని, గర్భాశయ ధమనిని మూసే ఎంబొలైజేషన్ చికిత్స పొందినవారిని అందులో పోల్చారు. మూడేళ్ల లోపల మళ్లీ ఏదో ఒక చికిత్స అవసరమైనవారు అల్ట్రాసౌండ్ వైపు పదిమందిలో ముగ్గురు, ఎంబొలైజేషన్ వైపు ఎనిమిది మందిలో ఒకరు. పాల్గొన్నవారు 83 మందే కనుక ఈ అంకెను శిలాశాసనంగా తీసుకోకూడదు. అయినా చికిత్సకు ముందు రోగికి చెప్పి తీరవలసిన అంకె ఇది. ఇక చైనాలో 20 ఆసుపత్రులలో రెండు వేలమందికి పైగా స్త్రీలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, శస్త్రచికిత్సతో పోలిస్తే ఈ చికిత్సలో తీవ్రమైన దుష్ఫలితాలు బాగా తక్కువని, కోలుకునే కాలం తక్కువని తేలింది. అక్కడ ఎవరికి ఏ చికిత్స అన్నది చీటీ వేసి నిర్ణయించలేదు, రోగులే ఎంచుకున్నారు. అందుచేత ఆ ఫలితాలను కొంత జాగ్రత్తతో చదవాలి.

ఎవరికి ఇది పనికిరాదో తెలుసుకోవడం, ఎవరికి పనికివస్తుందో తెలుసుకోవడం కంటే ముఖ్యం. కాడతో వేలాడే కణితికి ఇది తగదు. గర్భాశయపు లోపలి గదిలోకి పొడుచుకు వచ్చిన చిన్న కణితిని హిస్టరోస్కోపు ద్వారా కోత లేకుండానే తీసేయవచ్చు, దానికి అదే మేలైన మార్గం. కణితులు పది, పదిహేను ఉంటే ఒక్కొక్కదాన్నీ మాడ్చడం అయ్యే పని కాదు. మరీ పెద్ద కణితిలో తగినంత భాగాన్ని మాడ్చడం కష్టం. పాత సిజేరియన్ మచ్చ తరంగాల దారిలో ఉంటే అది శక్తిని పీల్చుకుని చర్మం కాలే ప్రమాదం ఉంది. మన రెండు రాష్ట్రాలలో సిజేరియన్లు ఎంత ఎక్కువో మీకు తెలియనిది కాదు. పేగు అడ్డుగా ఉంటే మరీ ప్రమాదం. కణితి స్వభావం కూడా చూడాలి. ఎం.ఆర్.ఐ.లో ఒక తరహా బొమ్మలో నల్లగా కనిపించే కణితి చక్కగా మాడుతుంది. తెల్లగా మెరిసే కణితికి రక్తప్రసారం, నీరు ఎక్కువ కనుక వేడి నిలవదు. కాబట్టి ఎం.ఆర్.ఐ. తీయకుండా, మామూలు స్కాన్ కాగితం చూసి మీరు ఈ చికిత్సకు తగినవారని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి రండి.

ఇంకొక విషయం. శస్త్రచికిత్సలో తీసిన గడ్డ పరీక్షశాలకు వెళుతుంది, అది ఏమిటో సూక్ష్మదర్శిని కింద తేలుతుంది. ఇక్కడ గడ్డ శరీరంలోనే ఉండిపోతుంది. ఫైబ్రాయిడ్‌లా కనబడేవాటిలో బహు అరుదుగా సార్కోమా అనే కేన్సర్ దాగి ఉంటుంది. ఫైబ్రాయిడ్ల కోసం శస్త్రచికిత్స చేయించుకునే ప్రతి 350 మందిలో సుమారు ఒకరికి ఇటువంటిది ఉండవచ్చని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2014లో అంచనా వేసింది. వయసు మళ్లినవారిలో ఈ ముప్పు ఎక్కువ, చిన్నవారిలో చాలా తక్కువ. ముట్లుడిగిన తరువాత కణితి పెరుగుతుంటే అల్ట్రాసౌండ్ చికిత్స మాట తలపెట్టనే కూడదు.

గర్భం కోరుకునేవారి విషయంలో నా అభిప్రాయం ఇంకా గట్టిపడలేదు. ఈ చికిత్స తరువాత గర్భం దాల్చి, ఆరోగ్యంగా ప్రసవించినవారు ప్రపంచమంతటా ఉన్నారు. కాని అండాశయాలకు, గర్భాశయపు గోడ బలానికి సంబంధించి దీర్ఘకాలపు పోలికలు చాలినన్ని లేవు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2011లో ఎం.ఆర్.ఐ. పద్ధతికి ఇచ్చిన మార్గదర్శకంలో, ముందుముందు గర్భధారణపై దీని ప్రభావం ఇంకా స్పష్టంగా తెలియదని రోగికి చెప్పాలని సూచించింది. పిల్లలు కావాలనుకునే స్త్రీ ఈ ఒక్క మాటా స్పష్టంగా విని ముందుకు వెళ్లాలి. అడినోమయోసిస్‌లో గర్భాశయపు లోపలి పొర కండరంలోకి చొచ్చుకుపోయి నెలనెలా తీవ్రమైన నొప్పిని తెస్తుంది. దానికీ కొన్ని దేశాలలో ఈ చికిత్స చేస్తున్నారు, ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. అయితే అక్కడ గడ్డకు స్పష్టమైన హద్దు ఉండదు కనుక ముందు హార్మోను విడుదల చేసే లూప్ వంటి సులువైన మార్గాన్ని ప్రయత్నించడమే సబబని నా అభిప్రాయం.

ఇన్ని షరతులు చెప్పాక, మరి ఈ చికిత్సను ఎందుకు సమర్థిస్తున్నానని మీరు అడగవచ్చు. రెండో స్త్రీ కథ వినండి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015–16లో మొదటిసారి గర్భాశయ తొలగింపు లెక్కలు తీసింది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయం తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో అగ్రస్థానం మనదే. ఈ అగ్రస్థానానికి గర్వపడనక్కరలేదు. దేశవ్యాప్తంగా ఈ శస్త్రచికిత్స జరిగిన మధ్యస్థ వయసు 34 ఏళ్లు. మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలోనే జరిగాయి. 2019–21 సర్వే నాటికి కూడా మన రెండు రాష్ట్రాల స్థానంలో పెద్ద మార్పు లేదు.

కారణాలు ఒకటి కావు. చిన్న వయసులో పెళ్లి, ఇరవై రెండు ఇరవై మూడేళ్లకే కుటుంబ నియంత్రణ ఆపరేషను, ఆ తరువాత “పిల్లలు పుట్టాక ఆ సంచితో ఏం పని” అన్న మాట. తెల్లబట్ట అయినా, నడుంనొప్పి అయినా “ఉంచుకుంటే కేన్సరవుతుంది” అన్న భయం. పొలంలో, కట్టడాల దగ్గర పనిచేసే స్త్రీకి నెలలో ఐదు రోజుల కూలి పోవడం మోయలేని భారం. ఆ భయాన్ని, ఆ భారాన్ని సొమ్ము చేసుకున్నవారు మన వృత్తిలో ఉన్నారు. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఎందరో పేదల ప్రాణాలు నిలిపింది, అందులో సందేహం లేదు. కాని ప్రైవేటు ఆసుపత్రులలో గర్భాశయ తొలగింపులు విపరీతంగా పెరగడంతో కొన్నేళ్లకే ఆ శస్త్రచికిత్సను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. ఇతర రాష్ట్రాలలో ఇలాంటి వ్యవహారంపైనే డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. అనవసరపు గర్భాశయ తొలగింపులను అరికట్టేందుకు కేంద్ర ఆరోగ్య శాఖ రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలలలో అమలులోకి తేవాలని కోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది.

వేలెత్తి చూపేటప్పుడు నా చేతినీ చూసుకోవాలి. నా సర్వీసు తొలినాళ్లలో, “తీసేయండి సారూ, పీడ పోతుంది” అని వచ్చినవారికి వేరే దారులున్నాయని కూర్చోబెట్టి చెప్పిన సందర్భాలు తక్కువ. బయట వంద మంది ఎదురుచూస్తుండేవారు. తీసిన వాటిలో కొన్నింటిని తీయనవసరం లేదని ఈరోజు నాకు తెలుసు. అండాశయాలతో సహా తీసేస్తే ముప్పై ఏళ్ల స్త్రీకి ఒక్క రోజులో ముట్లుడిగిన స్థితి వస్తుంది. ఎముకలు త్వరగా పెళుసెక్కుతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలను ఉంచినా, అవి మామూలు కంటే ముందే అలసిపోయే అవకాశం ఎక్కువ. గర్భాశయ తొలగింపు ప్రాణం కాపాడే శస్త్రచికిత్స కూడా. కేన్సర్‌లో, ఆగని రక్తస్రావంలో, మిగిలిన దారులన్నీ మూసుకున్నప్పుడు అదే సరైనది. దాన్ని మొదటి దారిగా చూపించడం తప్పు.

అల్ట్రాసౌండ్ చికిత్సకు విలువ వచ్చేది ఇక్కడే. లక్షణాలు ఉండి, మందులకు, లూప్‌కు లొంగని, ఒకటి రెండు కణితులున్న, ముట్లుడగడానికి ఇంకా కొన్నేళ్లు ఉన్న స్త్రీకి ఇది ఆ కొన్నేళ్లను దాటించగలదు. నలభై నాలుగేళ్ల ఆవిడకు నాలుగైదేళ్లు ఉపశమనం దొరికితే, ఆ తరువాత ప్రకృతే కణితిని కుంచింపజేస్తుంది. అవయవం నిలుస్తుంది, కూలి పోదు, కడుపు మీద కోత ఉండదు.

అయితే ఆ దారి ఇప్పుడు ఎవరికి తెరుచుకుని ఉంది? భారతీయ బీమా నియంత్రణ సంస్థ 2019 సెప్టెంబరులో, బీమా కంపెనీలు తిరస్కరించకూడని పన్నెండు ఆధునిక చికిత్సల జాబితా ఇచ్చింది. అందులో మొదటి అంశమే గర్భాశయ ధమని ఎంబొలైజేషన్, కేంద్రీకృత అల్ట్రాసౌండ్. కంపెనీలు దానికి పరిమితి విధించవచ్చు, కాబట్టి పాలసీ పత్రం చదువుకోండి. విచిత్రమేమిటంటే ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది మన నానక్‌రాంగూడలోనే, ఐటీ భవనాల నడుమ. ఆ ఉత్తర్వు వల్ల చుట్టుపక్కల భవనాలలో కంప్యూటర్ల ముందు కూర్చున్న ఉద్యోగినులకు ఒక దారి తెరుచుకుంది. అవే భవనాలలో చీపురు పట్టుకున్న స్త్రీకి ఆ పాలసీ లేదు, ఆ దారి ఉన్నదని చెప్పేవారూ లేరు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఆ ప్రాంతాన్ని చూస్తున్నాను. ఎత్తైన ఆసుపత్రులు ఎన్నో వచ్చాయి. జిల్లా ఆసుపత్రిలో మాత్రం కనీసం హార్మోను లూప్, ఒక హిస్టరోస్కోపు ఎప్పుడూ సిద్ధంగా ఉండేలా చూడలేకపోయాం. నన్ను అడిగితే ప్రభుత్వం ముందు వీటిని అందించాలి. ఆ తరువాత పెద్ద బోధనాసుపత్రులలో ఒకటి రెండు చోట్ల కేంద్రీకృత అల్ట్రాసౌండ్ ఏర్పాటు చేసి, ప్రతి రోగినీ కనీసం ఐదేళ్లు అనుసరించి ఫలితాలు బయటపెట్టాలి. మన స్త్రీల లెక్కలు మన దగ్గర లేకుండా అమెరికా, చైనా అంకెలు ఎంతకాలం వల్లిస్తాం?

మీలో ఎవరికైనా, మీ ఇంట్లో ఎవరికైనా ఈ సమస్య ఉంటే వైద్యుని ఎదుట కూర్చున్నప్పుడు మొహమాటపడకండి. నాకు చికిత్స అసలు అవసరమా, ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది, మిగిలిన దారులేమిటి, ఈ దారి విఫలమైతే తరువాత ఏం చేస్తారు, ఇప్పటివరకు మీరు ఎంతమందికి చేశారు, వారిలో మళ్లీ వచ్చినవారెందరు అని అడగండి. సమాధానం చెప్పడానికి విసుక్కునే చోట ఎంత మంచి యంత్రం ఉన్నా మీకు అది తగిన చోటు కాదు. ఇక “ఈ వారంలోనే” అన్న మాటకు విలువ ఇవ్వకండి. ప్రమాదకరంగా రక్తం పోతుంటే తప్ప, ఫైబ్రాయిడ్ విషయంలో వారం రోజుల తొందర దాదాపు ఎప్పుడూ ఉండదు.

ఆ అమ్మాయికి ఆ రోజు నేను రాసిచ్చింది ఒక్కటే: ఆరు నెలల తరువాత మళ్లీ స్కాన్, ఈలోగా రక్తస్రావం పెరిగితే వెంటనే రావాలి. కరపత్రాన్ని ఫైలులోనే ఉంచుకోమన్నాను, ఎప్పుడైనా అవసరం పడవచ్చు కదా. రెండు వారాల తరువాత ఆమె తమ ఆఫీసులో పనిచేసే ఆవిడను వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడది పాలమూరు వైపు పల్లె, ఇప్పుడు నలభై ఒకటో ఏడు. ఏడాదిగా నడుంనొప్పి, రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిర్లు. ఆపరేషను కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగాను. లేవంది. అండాశయాలు ఉంచారా, తీశారా అంటే ఆవిడకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ఎముకల సాంద్రత పరీక్షకు, కాల్షియం, విటమిన్ డి పరీక్షలకు చీటీ రాసిచ్చి, ఆదివారం స్కాన్‌కు రమ్మన్నాను.